స్వదేశీ ఓడల కంపెనీని ముంచింది ఎవరు? బ్రిటిష్ వాళ్లా, మన డైరెక్టర్లా?

సాగర్: వి.ఓ.చిదంబరం పిళ్లై 1906లో తూత్తుకుడిలో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. మూలధనం పది లక్షలు, ఒక్కో వాటా పాతిక రూపాయలు. తూత్తుకుడి, కొలంబో మధ్య జనాన్నీ సరుకునీ తిప్పారు. 1911కల్లా మూతపడింది. తెల్లవాళ్లు తొక్కేశారనే అందరం విన్నాం. కానీ నడపడం చేతకాకే పోయిందని ఈమధ్య కొందరు అంటున్నారు. మీరేమంటారు?

పద్దులరావు: చేతకాకపోవడమే అసలు కారణం అంటాను. గాలియా, లావో అని రెండు స్టీమర్లు కొన్నారు, సరే. ఓడ కొన్నంత మాత్రాన అయిపోదు కదా! బొగ్గు, సిబ్బంది జీతాలు, మరమ్మతులు, రేవు ఖర్చులు ఆగవు. నష్టాన్ని రెండు మూడేళ్లు మోసే నిల్వ డబ్బు లేనప్పుడు ఛార్జీల పోటీకి దిగకూడదు. పైగా 1908లో కంపెనీ పెట్టిన పిళ్లైగారే వెళ్లి తూత్తుకుడి కోరల్ నూలు మిల్లులో కార్మికుల సమ్మె నడిపారు. నలుగురి డబ్బు చేతిలో ఉన్న మనిషి చేయాల్సిన పనేనా అది?

తీరవాసి: రావుగారూ, పోటీ అన్నారు కాబట్టి ఆ పోటీ ఎలా సాగిందో చూద్దాం. సొంత ఓడలు రాకముందు అద్దె ఓడతో మొదలుపెట్టారు. ఒత్తిడి రాగానే దాని యజమానులు వెనక్కి తీసేసుకున్నారు. పిళ్లైగారు కొలంబో వెళ్లి ఇంకోటి తెచ్చారు. సొంత స్టీమర్లు వచ్చాక, అదే రూట్లో తిరిగే తెల్లవాళ్ల ఓడల సంస్థ బ్రిటిష్ ఇండియా కంపెనీ టికెట్ రూపాయికి దించింది. వీళ్లు అర్ధరూపాయి అన్నారు. దాంతో వాళ్లు ఊరికే ఎక్కించుకుంటాం, పైగా గొడుగు కూడా ఇస్తాం అన్నారట! టికెట్ మీద పైసా రాకపోయినా వాళ్లకు పర్వాలేదు. సర్కారు టపా కాంట్రాక్టులు, రంగూన్ నుంచి పర్షియా గల్ఫ్ దాకా మిగతా రూట్ల రాబడి ఉన్నాయి. వీళ్లకున్నది ఒకే రూటు. ఎంత నిల్వ ఉంటే సరిపోయేదో మీరే చెప్పండి.

ఇక సమ్మె సంగతి. ఆ మిల్లు హార్వీలనే తెల్ల వ్యాపారులది. తూత్తుకుడిలో బ్రిటిష్ ఇండియా ఓడలకు ఏజెంట్లు కూడా వాళ్లే. అంటే ఓడల గొడవా మిల్లు గొడవా ఒకే గుమ్మం దగ్గరికి వచ్చి ఆగుతాయి. పిళ్లైగారిని అరెస్టు చేసింది 1908 మార్చి 12న. బెంగాల్ స్వదేశీ నాయకుడు బిపిన్ చంద్రపాల్ జైలు నుంచి విడుదలైనందుకు పండగ చేయబూనడం కూడా అందుకు ఓ కారణం. అంతకు ముందు ఏడాదే రాజమండ్రి కుర్రాళ్లను ఊపేసిన పాల్ ఈయనే. పిళ్లైగారికి పడింది రెండు యావజ్జీవాలు! అప్పీళ్లలో తగ్గింది కానీ కోయంబత్తూరు జైల్లో ఆయనచేత గానుగ తిప్పించారు. 1912 చివర్లో గానీ బయటికి రాలేదు. ముందుండి నడిపించే మనిషి లోపలుంటే ఏ కంపెనీ నిలబడుతుంది?

విశాఖ_శ్రీను: అదే బ్రిటిష్ ఇండియాతో తలపడి మనవాళ్లదే ఇంకో ఓడల సంస్థ సింధియా కంపెనీ నిలబడింది కదండీ. 1919లో మొదలైంది, ఛార్జీల దెబ్బలు తిన్నది, మా ఊళ్లో ఏకంగా షిప్‌యార్డు కట్టింది. 1948లో జల ఉష అనే ఓడ నీళ్లలోకి దిగింది ఇక్కడి నుంచే. ఆ ఏరియాను ఇప్పటికీ సింధియా అనే పిలుస్తాం. మరి వాళ్లకు సాధ్యమైంది వీళ్లకెందుకు కాలేదు?

పద్దులరావు: నేనన్నదీ అదే. వ్యాపారం తెలిసినవాళ్లు నిలబడ్డారు.

తీరవాసి: సింధియా కూడా 1923లో బ్రిటిష్ ఇండియాతో రాజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఎన్ని ఓడలుండాలి, ఎక్కడ తిప్పాలి అన్న హద్దులకు తలొగ్గాకే ఊపిరి పీల్చుకుంది. వెనక బొంబాయి పెట్టుబడి ఉంది, పైగా దాన్ని నడిపించిన వాల్‌చంద్ హీరాచంద్‌ను ఎవరూ జైల్లో పెట్టలేదు. 1908లో తూత్తుకుడి వాళ్లను పిలిచి రాజీ మాట్లాడే ఉద్దేశమే సర్కారుకు లేదు.

అయినా డైరెక్టర్ల తప్పేమీ లేదని నేననను. నష్టాలొచ్చాయి, మూసేశారు, అర్థం చేసుకోగలను. కానీ పిళ్లైగారు ఇంకా జైల్లో ఉండగానే, తమ మీద కక్షగట్టిన ఆ బ్రిటిష్ ఇండియాకే ఓడను అమ్మారు. ఆ ఒక్క పనిని మాత్రం నేను సమర్థించలేను.