అప్‌డేట్: ‘ఫోర్ట్‌నైట్’ అంటే 14 రోజులా, 15 రోజులా? తేలింది

లండన్ కొనుగోలుదారు రాసిన ‘ఫోర్ట్‌నైట్’ గడువు ఎన్ని రోజులని, అంబాజీపేట నుంచి కొబ్బరి పీచు పంపే నేను గత నెల ఇక్కడ అడిగాను. బదులిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. వాదన మాని ఆఖరు తేదీనే రాసివ్వమని అడగండన్న సలహా ఫలించింది: 3వ తేదీ నాటి ఉత్తరానికి గడువు 17వ తేదీ అని జవాబు వచ్చింది, అంటే సరిగ్గా 14 రోజులు. ‘పద్నాలుగు రాత్రులు’ అనే పాత ఇంగ్లీషు మాటే కుదించుకుపోయి ఈ పదమైందని మా ఊరి విశ్రాంత మాస్టారు వివరించారు. దీన్ని మన పంచాంగంలోని పక్షంగా భావించి పదిహేను వేసుకోవడమే నా పొరపాటు. పక్షానికి పదిహేను తిథులే గాని, తిథి, రోజు ఒకటి కావు.  అమెరికావారు ‘ఫోర్ట్‌నైట్’ అన్న మాట అరుదుగా వాడి, ‘టూ వీక్స్’ అంటారట.