పీహెచ్‌డీ అయిపోవచ్చింది, ఇండస్ట్రీకి ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న:
ఆర్గానిక్ కెమిస్ట్రీలో థీసిస్ రాస్తున్నాను, ఉండేది తార్నాకలో. జీనోమ్ వ్యాలీ ఉద్యోగాలు చూస్తే అన్నింట్లో జీఎంపీ (మందుల తయారీలో పాటించాల్సిన నాణ్యత పద్ధతులు), స్కేలప్ (ల్యాబ్ రియాక్షన్‌ని ఫ్యాక్టరీ స్థాయికి పెంచడం), డీఓఈ (ప్రయోగాల్ని గణాంకాలతో ప్లాన్ చేయడం) అంటున్నారు. మా ల్యాబ్‌లో వీటి ఊసే లేదు. అమీర్‌పేటలో డబ్బు కట్టి కోర్సు చేయాలా, పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక రీసెర్చ్) వెళ్తే వస్తాయా? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందు ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు తయారుచేసే అంతర్జాతీయ సంస్థ) గైడ్‌లైన్లు చదవండి బ్రో, ఫ్రీగానే దొరుకుతాయి. క్యూ7 ఏపీఐ (మందులో పనిచేసే అసలు పదార్థం) తయారీలో జీఎంపీ గురించి, ఎం7 డీఎన్‌ఏని దెబ్బతీసే ఇంప్యూరిటీల గురించి. తర్వాత మీ సింథసిస్‌లోనే ఒక స్టెప్ తీసుకుని, దీన్ని 50 కిలోల్లో చేయాలంటే ఏది అడ్డొస్తుందో రాసుకోండి: శుద్ధి చేయడానికి కాలమ్ (క్రొమటోగ్రఫీ) వేయకుండా క్రిస్టలైజేషన్‌తో సరిపెట్టగలమా, సాల్వెంట్‌గా డైక్లోరోమీథేన్ బదులు ఏం వాడొచ్చు, వేడి ఎలా బయటికి పోతుంది (రియాక్టర్ పెద్దదయ్యేకొద్దీ వాల్యూమ్ పెరిగినంతగా ఉపరితలం పెరగదు, ఫ్లాస్క్‌లో బుద్ధిగా ఉన్న రియాక్షన్ అక్కడ పొంగిపోవచ్చు). ఇంటర్వ్యూలో ఇవే తవ్వుతారు. సర్టిఫికెట్ ఎవరూ చూడరు.

జవాబు 2:
ఎవరూ చూడరు అనేది మరీ ఎక్కువండీ, క్వాలిటీ వైపు వెళ్లేవాళ్లకి కాస్త పనికొస్తుంది. డీఓఈకి మాత్రం ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) చాలు, పాఠాలకి పైసా అక్కర్లేదు, పరీక్షకే ఫీజు. ల్యాబ్ మీద విసుగొస్తే పేటెంట్ ఏజెంట్ పరీక్ష చూడండి, సైన్స్ డిగ్రీ ఉంటే లా చదవక్కర్లేదు. పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(డి) (తెలిసిన పదార్థానికే కొత్త రూపాలకి పేటెంట్ ఇవ్వడంపై పరిమితి) దగ్గర మీ కెమిస్ట్రీ బాగా అక్కరకొస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. మరి పోస్ట్‌డాక్ సంగతి?

జవాబు 1:
ప్రాసెస్ కెమిస్ట్రీ (ఫ్యాక్టరీలో తయారుచేసే పద్ధతుల మీద పని) లేదా ఫ్లో కెమిస్ట్రీ (ఫ్లాస్క్‌లో కాకుండా గొట్టాల్లో పారిస్తూ రియాక్షన్ చేయడం) చేసే గ్రూప్ అయితే వెళ్లండి. మళ్లీ అదే టోటల్ సింథసిస్ (సంక్లిష్టమైన అణువుని మొదట్నుంచీ ల్యాబ్‌లో కట్టడం) అయితే ఇంకో రెండు పేపర్లు వస్తాయి, అంతే.