హిస్పానిక్ రోగుల కాలేయ చికిత్సకు అడ్డుపడుతున్నది సంస్కృతేనా?

వైద్య విద్యార్థి:
అమెరికాలోని హిస్పానిక్ ప్రజల్లో, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారిలో, ఫ్యాటీ లివర్ ఎక్కువ. వారు విధిరాతను నమ్ముతారు, నాటు మందులు వాడతారు, ఇంట్లోవాళ్లను అడగనిదే దేనికీ ఒప్పుకోరు, అందుకే జబ్బు ముదిరాక వస్తారని మా తరగతిలో చెప్పారు. ఇది నిజమేనా?

డల్లాస్ నర్సు:
నేను ఒప్పుకోను. జబ్బు ఎక్కువగా రావడానికి అలవాట్లొక్కటే కారణం కాదు. కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేసే పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యుభేదం హిస్పానిక్ ప్రజల్లోనే అత్యధికమని మా డల్లాస్ వాసులపై జరిగిన అధ్యయనం 2008లోనే తేల్చింది. ఇక ఆలస్యమంటారా, మా టెక్సాస్ రాష్ట్రం పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్‌ను విస్తరించలేదు. బీమా లేని కూలీ కళ్లు పచ్చబడేదాకా ఆగితే దాన్ని విధి మీద నమ్మకమని రాసుకోవడం అన్యాయం.

భాష సంగతి మరీ బాధాకరం. అత్యవసరమైతే తప్ప పిల్లల్ని దుబాసీలుగా వాడరాదని 2016 నుంచి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిబంధన ఉన్నా, పదమూడేళ్ల కొడుకే తండ్రికీ డాక్టరుకీ మధ్య కూర్చునే సందర్భాలున్నాయి. రోజుకు ఎన్ని బీర్లు తాగుతావని కన్నతండ్రిని ఆ పిల్లవాడే అడగాలి. కొడుకు ముందు ఏ తండ్రి నిజమైన లెక్క చెబుతాడు?

ఫార్మసిస్టు:
నర్సు గారూ, బీమా విషయంలో మీతో పేచీ లేదు. అయితే సంస్కృతిని పక్కన పెడితే రోగికే నష్టం. మెక్సికన్ ఇళ్లలో గోబెర్నదోరా అనే ఎడారి పొద ఆకులతో కషాయం కాచుకుంటారు. దానివల్ల కాలేయం దెబ్బతింటోందని 1992లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే ఆ ఇంటి పెద్దావిడ కషాయం ఊసెత్తదు, ఎందుకంటే ఆమె లెక్కలో అది మందే కాదు. మానేయమని కసిరితే డాక్టరు మీద గౌరవంతో తలూపి, ఇంటికి వెళ్లి మళ్లీ తాగుతుంది.

డల్లాస్ నర్సు:
కషాయం గురించి మీరు చెప్పింది నిజం, పేరు పెట్టి నెమ్మదిగా అడగడం మనమే నేర్చుకోవాలి. కుటుంబం అడ్డమన్న మాటను మాత్రం అంగీకరించలేను. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ వైద్యులు 2006లో హిస్పానిక్ రోగులకు స్పానిష్‌లోనే కిడ్నీ మార్పిడి సేవలు ప్రారంభించి, బంధువులందరినీ కూర్చోబెట్టి మాట్లాడాక, బతికుండగానే కిడ్నీ ఇచ్చే దాతలు పెరిగారు. కాలేయ విభాగాల్లో ఆ ప్రయత్నమైనా చేయకుండా నింద ఆ ఇళ్ల మీద వేయడం ఏం న్యాయం?