ఫోటోలన్నీ లాక్ అయ్యాయి, డబ్బు అడుగుతున్నారు: వైరస్‌ను తొలగిస్తే ఫైళ్లు తిరిగి వస్తాయా?

ప్రశ్న

నిన్న రాత్రి వీడియో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఒకదాని క్రాక్ కాపీని (డబ్బు కట్టకుండా వాడేందుకు లైసెన్సు తాళం విరిచిన కాపీని) డౌన్‌లోడ్ చేశాను. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్‌ను ఆపమని అందులో రాసి ఉంటే ఆపాను. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక విండో వచ్చింది కనుక నాకు ఏ అనుమానమూ కలగలేదు. ఉదయం చూసేసరికి పదకొండేళ్ల ఫోటోలు, వీడియోలు, మా నాన్నగారి చేతిరాత పుస్తకాలను స్కాన్ చేసి ఒకే జిప్ ఫైలుగా ఉంచినవి, అన్నీ తెల్లకాగితం గుర్తుతో కనిపిస్తున్నాయి. ప్రతి ఫైలు పేరు చివర నాలుగు ఇంగ్లీషు అక్షరాలు అదనంగా చేరాయి. వాటిని చెరిపి పాత పేరు పెట్టినా ఫోటో తెరుచుకోవడం లేదు. ప్రతి ఫోల్డరులోనూ రీడ్‌మీ అనే టెక్స్ట్ ఫైలు ఉంది. అందులో 980 డాలర్లు చెల్లించాలని, 72 గంటలలోపు సంప్రదిస్తే సగానికే ఇస్తామని రాశారు.

ఇది ఎలా వచ్చింది, ఎలా తొలగించాలి, తొలగిస్తే ఫైళ్లు బాగుపడతాయా? కొన్ని ఫోటోల పాత కాపీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంది. దాన్ని కలిపి చూడమంటారా, లేక అంతా ఫార్మాట్ చేయమంటారా?

జవాబు 1

ఆ డిస్కును దయచేసి ఇప్పుడే కలపకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ, అంటే అప్‌డేట్ లాగా నటించే విండో, రీడ్‌మీ ఫైలు, 980 డాలర్లు, 72 గంటల గడువు, స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కుటుంబానివి. ఇది టాస్క్ షెడ్యూలర్‌లో, అంటే ప్రోగ్రామ్‌లను వేళకు తనంతట తానే నడిపించే విండోస్ భాగంలో, "టైమ్ ట్రిగ్గర్ టాస్క్" అనే పేరుతో తనను తాను నమోదు చేసుకొని, కొన్ని నిమిషాలకొకసారి మళ్లీ నడుస్తుంది. ఇప్పుడు మీరు డిస్కు కలిపితే అందులో మిగిలిన ఆ కొద్ది ఫోటోలు కూడా చేజారిపోవచ్చు. ముందు ఇంటర్నెట్ తీసివేయండి, ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే డ్రైవ్ యాప్‌ల సింక్ ఆపండి, ఫార్మాట్ ఆలోచన పక్కన పెట్టండి.

వచ్చిన దారి మీరే చెప్పారు. ఈ కుటుంబం ప్రధానంగా క్రాక్‌ల ద్వారా, కీజెన్‌ల (దొంగ లైసెన్సు నంబర్లు తయారుచేసే ప్రోగ్రామ్‌ల) ద్వారా వ్యాపిస్తుంది. యాంటీవైరస్‌ను ఆపమని అడిగేది, దానికి ఆ ఫైలు పట్టుబడుతుందని తెలిసే. లోపలికి వచ్చాక అది ఫైళ్లను వేగంగా పనిచేసే సల్సా20 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి (చెవి లేనిదే చదవలేని రహస్య రూపంలోకి మార్చి), ఆ తాళంచెవిని ఆర్ఎస్ఏ పద్ధతిలో మరో తాళంతో బిగిస్తుంది. ఆర్ఎస్ఏలో తాళం వేసే చెవి వేరు, తీసే చెవి వేరు. తీసే చెవి మీ కంప్యూటర్‌లోకి ఎప్పుడూ రాదు. కాబట్టి వైరస్‌ను తొలగించడం అంటే తాళం వేసినవాణ్ణి ఇంట్లోంచి వెళ్లగొట్టడం మాత్రమే. తాళం అలాగే ఉంటుంది. ఈ రెండు పనులనూ కలిపి చూడడం వల్లనే చాలామంది కంగారులో ఉన్నదాన్ని కూడా పోగొట్టుకుంటారు.

తొలగించడానికి, విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో, విండోస్ మొదలుకాక ముందే నడిచే ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. తర్వాత సేఫ్ మోడ్‌లో (విండోస్ అత్యవసరమైన భాగాలతో మాత్రమే నడిచే స్థితిలో) టాస్క్ షెడ్యూలర్ తెరిచి ఆ టాస్క్ మిగిలి ఉందేమో చూడండి. యాప్‌డేటా లోకల్ ఫోల్డరులో అర్థంలేని పొడవాటి అక్షరాల పేరుతో ఒక ఫోల్డరు, దానిలో ఒక ఈఎక్స్ఈ ఫైలు ఉంటే అదే దీని మకాం. ఏ వెబ్‌సైటు పేరు ఏ చిరునామాకు వెళ్లాలో విండోస్‌కు చెప్పే హోస్ట్స్ ఫైలునూ పరిశీలించండి, ఎందుకంటే సహాయం దొరికే సెక్యూరిటీ వెబ్‌సైట్లు తెరుచుకోకుండా ఇది అందులో అడ్డుకునే వరుసలు రాస్తుంది. మరో ముఖ్యమైన సంగతి: ఈ కుటుంబం తరచూ పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్‌ను కూడా వెంట తెస్తుంది. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డులను ఈరోజే మార్చండి, కానీ వేరే పరికరం నుంచి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తూ, ఫైళ్ల విషయం చెబుతాను. లాక్ అయిన ఫైళ్లన్నిటినీ రీడ్‌మీ ఫైలుతో సహా ఖాళీ డిస్కులోకి కాపీ చేసుకున్నాకే ఏ ప్రయోగమైనా చేయండి. సి డ్రైవ్‌లో సిస్టమ్‌ఐడీ ఫోల్డరులో పర్సనల్‌ఐడీ అనే ఫైలు ఉంటుంది. అందులోని ఐడీ "టీ1" అనే అక్షరాలతో ముగిస్తే, మీ ఫైళ్లకు ఆఫ్‌లైన్ కీ వాడారని అర్థం. దాడి చేసినవాళ్ల సర్వర్ అందనప్పుడు వాడే ఆ కీ ఈ రాన్సమ్‌వేర్‌లో ఒకే రకం బారిన పడిన బాధితులందరికీ ఒకటే కనుక, అది దొరికిన రకాలకు ఎమ్సిసాఫ్ట్ అనే సెక్యూరిటీ కంపెనీ ఉచితంగా ఇచ్చే టూల్ పనిచేస్తుంది. అలా ముగియకపోతే కీ మీ ఒక్కరి కోసమే తయారైంది. దాన్ని ఊహించి కనుక్కోవడం ఎవరి వల్లా కాదు. కనుక్కుంటామని ముందే డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు.

అయినా నిరాశపడకండి. ఈ రాన్సమ్‌వేర్ తొందరలో ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ వరకు మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. చిన్న వర్డ్ ఫైలు మొత్తం పోతుంది, పెద్ద ఫైలులో చాలా భాగం చెక్కుచెదరకుండా ఉంటుంది. మీ నాన్నగారి జిప్ ఫైలు మీదే నాకు ఎక్కువ ఆశ. జిప్ ఫైలులో విషయసూచిక చివర ఉంటుంది. కాపీ మీద అదనపు అక్షరాలు చెరిపి సెవెన్‌జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో తెరవండి. మొదట్లో ఉన్నవి పాడైనా, మిగతావి బయటకు రావాలి. వీడియోలను, అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇస్తే బాగుచేసే టూల్స్ ఉన్నాయి.

జవాబు 3

డబ్బు కట్టాలా అన్న సందేహం మీ మనసులో ఉండే ఉంటుంది. కట్టవద్దనే నా అభిప్రాయం, కట్టినా ఫలితానికి హామీ లేదు. 2021 మేలో అమెరికాలో ఇంధన పైపులు నడిపే కలోనియల్ పైప్‌లైన్ కంపెనీ రాన్సమ్‌వేర్ దాడి చేసినవాళ్లకు 75 బిట్‌కాయిన్లు చెల్లించింది. అందుకు ప్రతిగా వచ్చిన టూల్ ఎంత నెమ్మదిగా నడిచిందంటే, కంపెనీ తన బ్యాకప్‌ల మీదే ఆధారపడవలసి వచ్చింది. 2017 నాటి నాట్‌పెట్యా అయితే రాన్సమ్‌వేర్ వేషం వేసుకున్న విధ్వంసం. డబ్బు కట్టినా దానికి తాళం తీసే దారే లేదు.

అదే సమయంలో, లాక్ అయిన ఫైళ్లను దాచుకొమ్మన్న సలహా ఎంతో విలువైనది. 2016లో టెస్లాక్రిప్ట్ అనే రాన్సమ్‌వేర్ నడిపినవాళ్లే, బాధితులందరి ఫైళ్లనూ తెరిచే మాస్టర్ కీని బయటపెట్టారు. 2013 నాటి మరో రాన్సమ్‌వేర్ క్రిప్టోలాకర్ కీలు, మరుసటి ఏడాది పోలీసుల దాడి తర్వాత బాధితులకు ఉచితంగా అందాయి. యూరోపోల్ (ఐరోపా దేశాల ఉమ్మడి పోలీసు సంస్థ), డచ్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో ఫైలు నమూనా ఇస్తే అది ఏ రకమో, టూల్ ఉందో లేదో చెబుతుంది. ఆరునెలలకొకసారి చూస్తూ ఉండండి.

ఇది చదివే ఇతరులకు ఒక మాట. క్రాక్ ఒక్కటే దారి కాదు. మెయిల్లో ఇన్‌వాయిస్ పేరుతో వచ్చే అటాచ్‌మెంట్‌లోని మాక్రోలు (ఫైలు తెరిస్తే నడిచే చిన్న ప్రోగ్రామ్‌లు), బలహీనమైన పాస్‌వర్డుతో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ను వాడే సౌకర్యం) కూడా దారులే. వానాక్రై అనే రాన్సమ్‌వేర్ 2017 మే 12న ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే 150 దేశాలలో పాకింది, దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ మార్చి 14నే వచ్చినా. నెలల తరబడి అప్‌డేట్ వాయిదా వేసేవారిని చూస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. బ్యాకప్ డిస్కు ఎప్పుడూ కంప్యూటర్‌కు కలిపి ఉంటే అది బ్యాకప్ కిందికి రాదు. కాపీ పూర్తికాగానే తీసి పక్కన పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆఫ్‌లైన్ స్కాన్‌లో రెండు ఫైళ్లు దొరికాయి, టాస్క్ కూడా తీసేశాను. ఐడీ టీ1తో ముగియలేదు, కాబట్టి లాక్ అయిన ఫోటోలను వేరే డిస్కులో దాచాను. జిప్ మాత్రం తెరుచుకుంది. మొదటి పుస్తకంలో తొలి రెండు పేజీలు పోయాయి, మూడో పేజీ నుంచి నాన్నగారి అక్షరాలు యథాతథంగా ఉన్నాయి. విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశాకే పాత డిస్కును కలుపుతాను.