పాత ఫ్లోర్ స్టాండింగ్ స్పీకర్లు: ఉన్నవాటినే బాగుచేయాలా, లోపలంతా మార్చేయాలా?

బరంపురం చిన్నోడు

అందరికీ నమస్కారం. మా మేనమామ మస్కట్‌లో పనిచేసినప్పుడు కొనుక్కున్న కెఫ్ కంపెనీ రిఫరెన్స్ 104/2 స్పీకర్ల జత ఈ మధ్యే మా ఇంటికి చేరింది. 1984లో వచ్చిన మోడల్. మామయ్య పోయాక ఆయన ముందుగదిలో దుప్పటి కప్పుకుని ఏళ్ల తరబడి పడున్నాయి. 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఆ గది కిటికీ తలుపు ఊడిపోయి లోపలంతా తడి. అయినా పైన చెక్క మాత్రం బాగానే ఉంది.

పాట పెడితేనే తెలుస్తోంది. బేస్ దాదాపు లేదు, వాల్యూమ్ పెంచితే లోపల్నుంచి బర్రుమని చప్పుడు. కుడి బాక్సులో పైస్థాయి శబ్దాలు మొద్దుబారాయి. ఘంటసాల గారి పాత మోనో పాట పెడితే గొంతు నడిమధ్య ఉండాలి కదా, ఎడమవైపుకి జరిగిపోతోంది.

ఇక్కడొక రిపేరు షాపాయన్ని అడిగాను. “లోపలి సర్క్యూట్ పీకేసి, కొత్త వూఫర్లు, కొత్త ట్వీటర్లు వేసి అప్‌గ్రేడ్ చేసేద్దాం, దద్దరిల్లిపోద్ది” అన్నాడు. మా ఫ్రెండేమో “ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకు, ఒరిజినల్‌గా ఉంటేనే విలువ” అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?

పర్లాకిమిడి మాస్టారు

ఇద్దరి మాటా వినకు బాబూ.

ముందు దాని లోపల ఏముందో చూడు. పైన చిన్న తలలాంటి భాగంలో రెండు మిడ్లు (మధ్యస్థాయి శబ్దాలవి), మధ్యలో ట్వీటర్ (పైస్థాయి శబ్దాలది) కనిపిస్తాయి. బేస్ మోగించే వూఫర్లు బయటికి కనబడవు. ఎనిమిదంగుళాలవి రెండు బాక్సు కడుపులో ఉంటాయి. ఆ రెంటినీ కలుపుతూ ఒక కడ్డీ బిగించారు. రెండూ ఒకదానికొకటి ఎదురుగా తోసుకుంటాయి కాబట్టి ఆ అదురు కడ్డీలోనే చల్లారిపోతుంది, చెక్కకి ఎక్కదు. బేస్ ముందున్న రంధ్రంలోంచి మాత్రమే వస్తుంది. నీకు వినిపించే బర్రు ఆ కడుపులోదే అని నా అనుమానం.

కోను అంచుకి చుట్టూ ఉండేది పాలీయురేథేన్ ఫోమ్. గాల్లో తేమకి అది రసాయనికంగానే విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా ఒకటే. వేలు పెడితే పాత అప్పడంలా పొడైపోతుంది. గోపాల్‌పూర్ సముద్రం మీకు పదిహేను కిలోమీటర్లేనాయె, ఇంకేం కావాలి? ఇదేదో ఒక కంపెనీ లోపం అనుకోకు. ఆ కాలంలో జేబీఎల్, ఏఆర్, ఇన్ఫినిటీ, టానాయ్ హెచ్‌పీడీ, ఎన్నో మంచి స్పీకర్లకి ఫోమే వాడారు.

ట్వీటర్ సంగతి వేరు. అందులో అయస్కాంతం సందులో ఫెర్రోఫ్లూయిడ్ అనే ద్రవం పోస్తారు. వాయిస్ కాయిల్ అనే కదిలే తీగచుట్ట వేడిని లాగేస్తుంది, కదలికకి కాస్త కళ్లెం వేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ జిగురులా గట్టిపడుతుంది. అప్పుడు ట్వీటర్ మొద్దుబారుతుంది, రెండు వైపులా ఒకేలా కూడా మొద్దుబారదు.

ఫోమ్ మార్చడం, ఆ ద్రవం మార్చడం మరమ్మతు. మీ షాపాయన చెప్పింది అది కాదు. కెఫ్ వాళ్లు 1970లలోనే హ్యూలెట్ ప్యాకార్డ్ కంప్యూటర్‌తో స్పీకర్ల కొలతలు తీసేవారు. రిఫరెన్స్ సిరీస్‌లో ఒక్కో డ్రైవర్‌నీ (వూఫర్, మిడ్, ట్వీటర్ దేన్నైనా అలాగే అంటారు) కొలిచి, సరిపోయేవాటిని ఏరి జత కట్టేవారు. అలాంటిదాంట్లో బజారు ట్వీటర్ పెడితే రిఫరెన్స్ అన్న పేరు వెనకాల చీటీ మీద మిగులుతుంది, అంతే.

రాయగడ సోల్డరు

ఫోమ్ దాకా, ఫ్లూయిడ్ దాకా మాస్టారితోనే ఉన్నాను. అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చదు.

క్రాసోవర్‌లో, అంటే శబ్దాన్ని ఒక్కో డ్రైవర్‌కి పంచే లోపలి సర్క్యూట్‌లో, ఉన్నవి నలభై ఏళ్ల బైపోలార్ ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లు. లోపలి ద్రవం ఎండుతుంది, విలువ మారుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఒరిజినల్ అంటే ఏది? కండెన్సర్ మీద అచ్చేసిన అంకె ఒరిజినలా, ఇవాళ మీటర్ చూపించే అంకె ఒరిజినలా? ముట్టుకోకపోతే మీరు కాపాడుతున్నది మొదటి డిజైన్‌ని కాదు, నలభై ఏళ్ల తరుగుని.

ఇంకో మాట. ఆ డిజైన్ చేసినవాళ్లు కూడా ఒక ధరకి కట్టుబడి చేసినవాళ్లే. పెద్ద విలువ ఫిల్మ్ కండెన్సర్ (లోపల ద్రవం కాక ప్లాస్టిక్ పొర ఉండేది) అప్పట్లో ఖరీదు, చోటు కూడా ఎక్కువ తింటుంది. ఇవాళ ఆ ఇబ్బంది లేదు. పాలీప్రొపిలీన్ ఫిల్మ్ వేస్తే మళ్లీ జీవితంలో ఆ మూత తెరవక్కర్లేదు.

నన్నడిగితే ఇంకా ముందుకెళ్లొచ్చు. పాసివ్ క్రాసోవర్ తీసి జాగ్రత్తగా దాచెయ్, బయట డీఎస్పీ (అదే పంపకాన్ని డిజిటల్‌గా చేసే పెట్టె) పెట్టు, ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో యాంప్. యూఎస్‌బీ మైకు, ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఇష్టం లేకపోతే పాతది మళ్లీ తగిలించుకో, పోయేదేముంది?

పర్లాకిమిడి మాస్టారు

కొలవమన్నారు కదా, అక్కడ మీకు దణ్ణం. ఫిల్మ్ దగ్గరే పేచీ.

ఎలక్ట్రోలైటిక్‌కి కొత్తగా ఉన్నప్పుడు కూడా కొంత నిరోధం ఉంటుంది, కొన్నిట్లో అది ఓములో కొన్ని దశాంశాలు. ట్వీటర్ ఎంత గట్టిగా మోగాలో లెక్క వేసినవాడు దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాడు. ఫిల్మ్‌కి ఆ నిరోధం దాదాపు లేదు. మార్చిన రోజున ట్వీటర్ కాస్త పైకి లేస్తుంది, విన్నవాడు “అబ్బ, తెర తీసినట్టుంది” అని మురిసిపోతాడు. నెల తర్వాత వయొలిన్ వింటే చెవి పోటు. ఇలాంటి మురిపాలు చాలా చూశాను. మార్చక ముందు గ్రాఫ్ తీసిపెట్టుకున్న మనిషి నాకు తగల్లేదు.

డీఎస్పీ మాట. 104/2 క్రాసోవర్ శబ్దాన్ని పంచడమొక్కటే చేయదు. యాంప్‌కి ఎక్కడ చూసినా నాలుగు ఓముల దగ్గర్లోనే కనిపించేలా అదనపు భాగాలు వేసి సరిచేశారు. సెన్సిటివిటీ, అంటే తక్కువ పవర్‌కే గట్టిగా మోగే గుణం, 92 డెసిబెల్స్ కాబట్టి మామూలు యాంప్ కూడా హాయిగా నడిపేస్తుంది. అదే కాలపు ఇన్ఫినిటీ కప్పా 9 చూడండి, ఒక ఓము చుట్టుపక్కలకి దిగిపోతుంది, బలహీనమైన యాంప్ అయితే చేతులెత్తేస్తుంది. ఇంత కష్టపడి సాధించిన మంచి గుణాన్ని పక్కనపడేసి మూడు యాంపులు కొనమంటున్నారు!

రాయగడ సోల్డరు

నిరోధం తక్కువైతే ఒక చిన్న రెసిస్టర్ వరుసలో వేస్తే సరిపోయె కదా మాస్టారూ. పాత కండెన్సర్‌కి కొత్తలో ఎంత ఉండేదో అంత. పది రూపాయల పని. దానికోసం ఫిల్మే వద్దంటే ఎలా?

పెద్ద విలువలకి నేను కూడా ఫిల్మ్ అనను. వూఫర్ దారిలో కొత్త బైపోలార్, ట్వీటర్ దారిలో ఫిల్మ్, పక్కన రెసిస్టర్. ఇందులో తప్పేముందో చెప్పండి.

ఊరికే అడుగుతున్నా

నాదీ బరంపురమే. అడిగితే కోపాలొస్తాయేమో గానీ, అసలు ఉంచుకోవడమెందుకు? బాక్సు ఒక్కటే ముప్పై కిలోల పైమాట. వూఫర్ విప్పాలంటే ఒక పూట పోతుంది. స్పేర్లు బయటి దేశాల నుంచి రావాలి, కూరియర్‌లో విరగకుండా వస్తే అదృష్టం. ఇక్కడ వోల్టేజీ పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఎవరైనా సరదాపడే కలెక్టర్‌కి ఉన్నవున్నట్టుగా అమ్మేసి, ఆ డబ్బుతో వారంటీ ఉన్న కొత్త జత కొనుక్కోవచ్చు. వింటేజ్ అనగానే అందరికీ భక్తి పుట్టుకొస్తుంది. కోబాల్ట్ కలిసిన పాతకాలపు ఆల్నికో మ్యాగ్నెట్ అంటే చేతులు జోడించేవాళ్లని చూశాను. 1978లో జైర్‌లో (ఇప్పటి కాంగో) గొడవలొచ్చి కోబాల్ట్ ధర ఆకాశానికెక్కితే జేబీఎల్ లాంటివాళ్లు చౌకైన ఫెర్రైట్ అయస్కాంతాలకి మారారు. అది లెక్కల పుస్తకం చూసి చేసిన మార్పు. దాన్ని పట్టుకుని ఆల్నికోలో ఏదో ఆత్మ ఉందంటారు.

పర్లాకిమిడి మాస్టారు

ఆల్నికో కథ నిజమే, ఆ భక్తి నాకూ లేదు. అమ్మమనే సలహా మాత్రం తొందరపాటు. ఫోమ్ పోయిన జతకి ఎవడిస్తాడయ్యా మంచి ధర? బాగుచేశాక అమ్మితే అదో మాట.

జయపురం వీణ

నేను సంగీతం నేర్పుతాను, సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నదాన్ని కాదు. ఒక్కటడుగుతాను. ఆ అబ్బాయి ఇంకా ఏమీ పరీక్షించకుండానే మీరంతా కండెన్సర్ల దాకా వెళ్లిపోయారేమండీ?

తమ్ముడూ, ముందు యాంప్ ఆపేసి, వెనక కుడి తీగలు ఎడమకీ, ఎడమ తీగలు కుడికీ మార్చి వినండి. అదే కుడి బాక్సు ఇంకా మొద్దుగా ఉంటే తప్పు స్పీకర్‌లో ఉంది. మొద్దుతనం ఎడమ బాక్సులోకి దూకితే మీ యాంప్‌లోనో, ప్లేయర్‌లోనో ఉంది. దీనికి ముప్పై కిలోలు మొయ్యనక్కర్లేదు.

తర్వాత గది. స్లాబు ఇల్లు, నున్నటి గచ్చు, నాలుగు గోడలు సిమెంటు అయితే ఏ స్పీకరైనా గదిని మోగిస్తుంది. మాది పద్నాలుగు అడుగుల గది. ఆ పొడవుకి నలభై హెర్ట్జ్ దగ్గర గదే ఊగుతుందని మావారు లెక్కేసి చెప్పారు (ఆయన సునాబేడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఇంట్లో ప్రతిదానికీ లెక్కే). మృదంగంలో తొప్పి వైపు దెబ్బ ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. బాక్సుల్ని గోడ నుంచి రెండడుగులు ముందుకి జరిపి, వెనకాల బట్టల బీరువా, కింద మందపాటి జంపఖానా వేశాక దెబ్బ దెబ్బగా వినిపించింది. కొన్నది ఏమీ లేదు.

వినడానికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెట్టుకోండి. పాత రికార్డింగే, గరగరలు ఉంటాయి, అయినా కమాను తీగ మీద మళ్లే చోటు చెవికి అందాలి. ఒక్కో బాక్సునీ విడిగా వినండి. రెండిట్లో అది ఒకేలా వినిపిస్తే మీ జత జతగానే ఉంది.

రాయగడ సోల్డరు

వీణ గారూ, తీగలు మార్చే పరీక్ష బ్రహ్మాండం. చెవి సాక్ష్యం మీద మాత్రం నాకు నమ్మకం తక్కువ. మనకి తెలియకుండానే ఎక్కువ ఖర్చుపెట్టిందే బాగుందంటాం.

జయపురం వీణ

శ్రుతి తప్పిన పిల్లని పట్టుకోవడానికి నేను మైకు పెట్టనండీ. అయినా ఇక్కడ ఎవరూ ఇంకా ఖర్చే పెట్టలేదు, రెండు పాత బాక్సుల మధ్య తేడా వినమంటున్నాను.

బరంపురం చిన్నోడు

అక్కా, తీగలు మార్చి చూశాను. మొద్దుతనం కుడి బాక్సులోనే ఉంది. ధైర్యం చేసి ఒక బాక్సు విప్పాను కూడా. మాస్టారు చెప్పినట్టే, ఫోమ్ అంతా నల్లటి ముద్దగా, పొడిగా రాలి బాక్సు అడుగున పడుంది. కోను కాగితం గట్టిగానే ఉంది.

షాపాయన ఇప్పుడు మాట మార్చాడు. “ఫోమ్ వేస్తే మళ్లీ పోతుంది, సముద్రపు గాలికి రబ్బరు చుట్టే కరెక్టు” అంటున్నాడు. వినడానికి సబబుగానే ఉంది మరి.

పర్లాకిమిడి మాస్టారు

వినడానికే సబబు. రబ్బరు ఫోమ్ కన్నా బరువు, సాగే తీరు వేరు. అంచు మారితే కోను సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఈ బాక్సులో గాలి గదులూ, రంధ్రమూ ఆ ఫ్రీక్వెన్సీని బట్టే కట్టారు. స్పీకర్ బాక్సుల మీద థీల్ 1961లో, స్మాల్ 1970ల మొదట్లో రాసిన లెక్కల సారమంతా ఇదే కదా, డ్రైవరూ బాక్సూ వేర్వేరు కావు. సరైన కొలత ఫోమ్ దొరికేటప్పుడు రబ్బరు ఎందుకు?

పని చేసేటప్పుడు తొందరపడకు. పాత జిగురు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో అద్ది, మెత్తబడ్డాక గోరుతోనో మొద్దు చాకుతోనో కొంచెం కొంచెంగా గీకు. కాగితం నానిపోయేంత పోయొద్దు. చట్రం వైపు జిగురు మొండిది, అక్కడే ఓపిక కావాలి. ముందు ఫోమ్‌ని కోనుకి అంటించి ఆరనివ్వు. తర్వాత చట్రానికి అంటించేటప్పుడు యాంప్ నుంచి ముప్పై హెర్ట్జ్ దగ్గర సన్నటి టోన్ పంపు, కోను నెమ్మదిగా లోపలికీ బయటికీ ఆడుతుంటుంది. వేలితో అంచులు సర్దుతూ చెవి దగ్గర పెట్టి విను. గీరుకున్న చప్పుడు వచ్చిందంటే వాయిస్ కాయిల్ సందులో ఒక పక్కకి తగులుతోంది. జిగురు పట్టేలోపు సర్దెయ్.

ట్వీటర్ జోలికి మాత్రం నువ్వు వెళ్లకు. దాని తీగలు వెంట్రుక కన్నా కాస్త లావు, అంతే. చేయి తిరిగిన వాడికివ్వు.

ఊరికే అడుగుతున్నా

ఫోమ్ మళ్లీ పదిహేను ఇరవై ఏళ్లకి పోతుంది కదా, అప్పుడో?

రాయగడ సోల్డరు

అప్పటికి ఆ అబ్బాయి కొడుకు ఇదే ప్రశ్న అడుగుతాడు, మనం ఇలాగే కొట్టుకుంటాం. ఫోమ్ విషయంలో మాస్టారిదే రైటు. సముద్రపు గాలంటే భయమైతే గది మూసి ఉంచు, వారానికి రెండు మూడు సార్లైనా పాట పెట్టు, దుప్పటి కప్పకు. తడి దుప్పటి కిందే తేమ నిలబడిపోతుంది.

క్రాసోవర్ సంగతి ఇంకా తేలలేదండోయ్.

బరంపురం చిన్నోడు

ఫోమ్ కిట్ ఆర్డర్ పెట్టేశాను. షాపాయనకి వద్దని చెప్పేశాను, ముఖం మాడ్చుకున్నాడు. ట్వీటర్లు రెండూ విశాఖలో తెలిసినాయన చేస్తానన్నారు. ఒకటే బాగోలేకపోయినా, ఒకే ద్రవం ఒకే రోజు రెండిట్లోనూ వేయమన్నాను.

క్రాసోవర్‌కి మీరిద్దరూ ఒక మాట మీదకి వచ్చేదాకా ముట్టుకోను. మాస్టారూ, ఆదివారం పర్లాకిమిడి బస్సెక్కి రమ్మంటారా?

పర్లాకిమిడి మాస్టారు

రా. బాక్సు మొయ్యకు, బోర్డులు రెండూ తెస్తే చాలు. విప్పేముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకో, ప్రతి తీగకీ చీటీ కట్టు. కండెన్సర్ల విలువ కొలిచే ఎల్‌సీఆర్ మీటర్ నా దగ్గరుంది. కండెన్సర్లు ఒక కాలు ఊడదీసి కొలుద్దాం, బోర్డు మీదుండగా కొలిస్తే పక్కవాటి విలువ కూడా కలిసిపోతుంది.

రాయగడ సోల్డరు

కుడి, ఎడమ రీడింగులు రెండూ ఇక్కడే పెట్టండి, నిరోధంతో సహా. అచ్చేసిన అంకెకి పది శాతం లోపు ఉన్నవాటిని నేనూ వదిలేస్తాను. దాటినవాటికి ఫిల్మ్, పక్కన రెసిస్టర్. మాస్టారూ, ఒప్పుకున్నట్టేనా?

పర్లాకిమిడి మాస్టారు

ట్వీటర్ దారిలో వాటికి ఒప్పుకుంటాను. మిడ్ల దారిలో వాటికి ఇంకా కాదు. ముందు రీడింగులు రానీ.