స్మాల్‌మౌతా, లార్జ్‌మౌతా: గాలానికి ఏది ఘనం?

నోవై నివాసి:
మిషిగన్‌కు వచ్చి నాలుగేళ్లయింది. ఇన్నాళ్లూ మా అబ్బాయితో కలిసి ఇంటి దగ్గరి చెరువులో వానపాములు గుచ్చి, బెండు కట్టి బ్లూగిల్ చేపలు పట్టాను. ఇక బాస్ అనే చేపల వేటకు దిగుదామని ఉంది. వాటిలో స్మాల్‌మౌత్, లార్జ్‌మౌత్ అని రెండు రకాలట. ఆఫీసులో ఇద్దరిని అడిగితే చెరో దారి చూపించారు. సెయింట్ క్లెయిర్ సరస్సులో స్మాల్‌మౌత్ తప్ప మరొకటి చేపే కాదని ఒకాయన, లార్జ్‌మౌత్ పట్టనివాడు గాలం పట్టనట్టేనని ఇంకొకాయన. ఇంట్లో అనుమతి దొరికింది ఒక్క గాలం కర్రకే. దేనికోసం కొనాలి? రెండింటిలో ఏది బాగా పోరాడుతుంది?

ఫ్రిస్కో గాలం:
మొహమాటం లేకుండా చెబుతాను, లార్జ్‌మౌత్. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టినది 22 పౌండ్ల 4 ఔన్సులు. డెబ్బై ఏడేళ్ల తర్వాత, 2009లో, జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానితో సమానమైన చేపను పట్టారు. అంతే తప్ప ఇప్పటికీ దాన్ని దాటినవారు లేరు. స్మాల్‌మౌత్ రికార్డు 1955లో డేల్ హాలో జలాశయంలో పట్టిన 11 పౌండ్ల 15 ఔన్సులు. అంటే సగానికి కొంచెం ఎక్కువ. మా టెక్సస్‌లో 13 పౌండ్లు దాటిన లార్జ్‌మౌత్ పడితే దాన్ని ప్రాణంతో రాష్ట్ర వన్యప్రాణి శాఖకు అప్పగించి, గుడ్లు పెట్టించి, ఆ పిల్లలను సరస్సుల్లో వదిలే పథకం 1986 నుంచీ నడుస్తోంది.

సరే, అంకెలు వదిలేయండి. తెల్లవారుజామున ఫోర్క్ సరస్సులో నాచు మీద రబ్బరు కప్పను లాగుతూ, ఆపుతూ రండి. ఒకచోట నాచు ఉబ్బుతుంది. గుండె ఆగినంత పని అవుతుంది. బిందె నీళ్లలో బోర్లించినట్టు ఒక శబ్దం, చూస్తే కప్ప ఉండదు. కంగారుపడి అప్పుడే కర్ర గుంజితే చేప దక్కదు. ఊపిరి బిగబట్టి, దారం బరువెక్కిందని చేతికి తెలిశాక గుంజాలి. ఆ అరక్షణం కోసమే నేను మూడున్నరకు లేస్తాను.

ఈరీ కోడలు:
బరువే గొప్పయితే గుర్రం కంటే గేదె గొప్పది కావాలి.

మేము క్లీవ్‌లాండ్‌లో ఉంటాం. పోయిన అక్టోబర్‌లో ఈరీ సరస్సులో, పాతిక అడుగుల లోతున, రాళ్ల మీద ట్యూబ్ ఎరను (గొట్టంలా ఉండే మెత్తని ప్లాస్టిక్ ఎర) ఈడుస్తున్నాను. కొరికినట్టు ఏమీ తెలియలేదు, దారం మాత్రం ఉన్నట్టుండి తేలికైంది. కర్ర ఎత్తానో లేదో రీలు కీచుమంది. లోతుకు పోతుందనుకుంటే పడవకు ముప్పై గజాల దూరంలో నీటి మీదికి ఎగిరింది. మళ్లీ ఎగిరింది. ఆ తర్వాత నేరుగా పడవ కిందికి దూరింది. కర్ర కొన నీళ్లలో మునిగింది, నేను మోకాళ్ల మీద కూలబడ్డాను. మా ఆయన చేతివల పట్టుకుని ఎటు నిలబడాలో తెలియక అటూ ఇటూ తిరుగుతున్నారు. తీరా తూస్తే నాలుగు పౌండ్లు కూడా లేదు! సాయంత్రం చపాతీ పిండి కలపడానికి మోచేయి సహకరించలేదు.

ఇంకొక మాట. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతాల నుంచి ఓడల అడుగున నింపుకొచ్చిన నీటితో గోబీ అనే చిన్న చేప ఇటు వచ్చిపడింది. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో మొదట కనబడింది. సరస్సులకు అది తెగులే గానీ స్మాల్‌మౌత్‌కు మాత్రం పెళ్లి భోజనం. 2022 నవంబర్‌లో ఈరీ సరస్సులో ఒంటారియో వైపు పది పౌండ్లు దాటినదొకటి పడింది. ఇక్కడి స్మాల్‌మౌత్‌ను చిన్న చేప అనే రోజులు పోయాయి.

గోదారి గట్టు:
నాది ఒకే సందేహం. పులుసుకు ఏది బాగుంటుంది?

ఈరీ కోడలు:
ఈ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. రెండింటిదీ తెల్లని మాంసమే. కానీ బాస్‌ను పట్టి వదిలేయడమే ఇక్కడి ఆనవాయితీ. పైగా పెద్ద బాస్ ఏళ్ల తరబడి ఒంట్లో పాదరసం పోగేసుకుంటుంది. పులుసుకు ఈరీలో వాల్‌ఐ ఉంది, పెర్చ్ ఉంది.

గోదారి గట్టు:
కొర్రమీను లేని చోట పులుసేమిటండీ.

ఫ్రిస్కో గాలం:
ఆ పేరు ఇక్కడ గట్టిగా అనకండి. 2002లో మేరీలాండ్‌లోని క్రాఫ్టన్‌లో ఒక చెరువులో దాని చైనా చుట్టం బయటపడింది. అదే ఏడాది కొర్రమీను కుటుంబం మొత్తాన్నీ ప్రాణంతో దేశంలోకి తేవడాన్ని, ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తరలించడాన్ని ప్రభుత్వం నిషేధించింది.

కానీ మాట వచ్చింది కనుక చెబుతాను. మా నాన్న ఊరి చెరువులో తామరాకుల మధ్య బతికున్న కప్పను గుచ్చి కొర్రమీను పట్టేవారు. నేను రబ్బరు కప్పతో లార్జ్‌మౌత్ పడుతున్నాను. పొంచి ఉండే తీరు, మింగే తీరు రెండూ ఒకటే. నాకు ఆ చేప మీద పక్షపాతం ఉంటే అది అక్కడి నుంచి వచ్చిందే.

ఇక కోడలు గారూ, మీ పోలికలో ఒక మెలిక ఉంది. మీరు స్మాల్‌మౌత్‌ను ఎనిమిది, పది పౌండ్ల బరువు ఆపే సన్న దారంతో, అడ్డులేని నీటిలో ఆడిస్తారు. మేము లార్జ్‌మౌత్‌ను యాభై పౌండ్ల అల్లిక దారంతో, పీట లాంటి కర్రతో గుంజుతాం. ఎందుకు? రెండు క్షణాలు వదిలితే నాచులోకో, మునిగిన చెట్టు కొమ్మల్లోకో దూరి చుట్టేసుకుంటుంది. దానికి పోరాడే అవకాశమే ఇవ్వం, ఆపైన పోరాడలేదని నింద వేస్తాం. సన్న దారంతో అడ్డులేని చోట పట్టి చూసి అప్పుడు చెప్పండి.

ట్రాయ్ పడవ:
చూశాను, చెబుతాను. పదహారేళ్లుగా సెయింట్ క్లెయిర్‌లో పడవ నడుపుతున్నాను. ఫ్రిస్కో గారి వాదంలో బలం ఉంది. సగం దాకానే.

ఆ సరస్సు సగటు లోతు 11 అడుగులే. 1988లో అక్కడ జీబ్రా ఆల్చిప్పలు కనబడ్డాయి. అవి నీటిని వడపోస్తే అడుగుదాకా వెలుతురు చేరి నాచు పెరిగింది. అందుకే నాచు అంచున రెండు చేపలూ ఒకేచోట దొరుకుతాయి. రెండేళ్ల క్రితం సెప్టెంబర్‌లో, ఒకే ఉదయం, ఒకే స్పిన్నింగ్ కర్రతో (రీలు కిందివైపు వేలాడేది), ఒకే పది పౌండ్ల దారంతో రెండూ పడ్డాయి. రెండూ రెండున్నర పౌండ్ల దగ్గరే. లార్జ్‌మౌత్ మొదటి గుంజు గట్టిగానే గుంజింది. నోరు పెద్దగా తెరిచి తల విదిలించింది, ఒకసారి సగం ఒళ్లు బయటికి లేపింది. తర్వాత సగం తన ఇష్టంతోనే వలలోకి వచ్చింది. స్మాల్‌మౌత్ వల దాకా వచ్చి, వలను చూసి, మళ్లీ అడుగుకు పోయింది. నాలుగుసార్లు పోయింది. చల్లని నీటిలో, ప్రవాహంలో, రాళ్ల మీద బతికే చేప కదా, ఒళ్లంతా కండే. దారం మారిస్తే తేడా తగ్గుతుంది గానీ పోదు. నా ఓటు స్మాల్‌మౌత్‌కే.

అయితే నోవై గారికి నా సలహా వేరు. మీకు పడవ లేదు. వేసవి నడిమికి స్మాల్‌మౌత్ చాలావరకు లోతుకు, ఒడ్డుకు దూరంగా జరిగిపోతుంది. లార్జ్‌మౌత్ మీ ఇంటి వెనక చెరువులోనే, తూము పక్కన తుంగలో ఉంటుంది. ఏది గొప్పదో తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ కాళ్లు వెళ్లగలిగే నీటిలో ఏది ఉందో చూసుకోండి. ఏడడుగుల మీడియం స్పిన్నింగ్ కర్ర, దానికి పది పౌండ్ల దారం చాలు. బెయిట్‌కాస్టర్, అంటే కర్ర పైన కూర్చునే రీలు, ఇప్పుడే వద్దు, మొదటి నెల దారం చిక్కులు విప్పడంతోనే సరిపోతుంది.

గుర్తు పట్టడానికి: నోరు మూసి చూడండి. పైదవడ కంటి వెనక అంచు దాటితే లార్జ్‌మౌత్, దాటకపోతే స్మాల్‌మౌత్. మొదటిదానికి పక్కన అడ్డంగా నల్లని పట్టీ, రెండోదానికి కంచు రంగు ఒంటి మీద నిలువు చారలు. స్మాల్‌మౌత్ కన్ను తరచూ ఎర్రగా ఉంటుంది.

ఫ్రిస్కో గాలం:
సగం వాదం ఒప్పుకున్నారు, చాలు. మిగతా సగం ఒకసారి ఫోర్క్‌కు వస్తే తేలుస్తాను.

ఈరీ కోడలు:
ట్రాయ్ గారూ, పట్టి వదిలే వేటకు మీ మిషిగన్ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా అనుమతి ఇచ్చింది. చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. మే, జూన్ నెలల్లో మగ చేప గూటి మీద కాపలా ఉంటుంది. దాన్ని గాలానికి లాగి, ఫొటో తీసుకుని, వదిలేలోపు గోబీలు గుంపుగా వచ్చి గుడ్లు తినేస్తాయి. అప్పుడు వదిలామని చెప్పుకోవడం దేనికి?

ట్రాయ్ పడవ:
గూటి మీదున్న చేప జోలికి నేనూ పోను. కానీ మీరు అక్టోబర్‌లో పాతిక అడుగుల లోతు నుంచి లాగిన చేప మాట? పైకి వచ్చేసరికి గాలితిత్తి ఉబ్బి, కిందికి పోలేక వెల్లకిలా తేలినవి మీరూ చూసే ఉంటారు.

ఈరీ కోడలు:
చూశాను. ముప్పై అడుగులు దాటితే ఇప్పుడు గాలం వేయడం లేదు. ఇరవై, పాతిక దగ్గర కూడా వెంటనే వదిలేస్తున్నాను, ఫొటో లేదు. మీరు అడిగింది న్యాయమే.

గోదారి గట్టు:
ఇంతకీ ఆ నోవై ఆయన ఏమయ్యారు? కర్ర కొన్నారా, లేక మన గొడవ చూసి మళ్లీ వానపాములకే వెళ్లిపోయారా?

నోవై నివాసి:
కొన్నాను! ట్రాయ్ గారు చెప్పిన కర్రే. నిన్న మా అబ్బాయితో సెయింట్ క్లెయిర్ ఒడ్డుకు వెళ్లాను. రాళ్ల కట్ట పక్కన చిన్న రబ్బరు ఎర వేస్తే పదో నిమిషంలో పడింది. స్మాల్‌మౌత్! దవడ కన్ను దాటలేదు, ఒళ్లు కంచు రంగు, కన్ను కుంకుమంత ఎరుపు. ఎనిమిది అంగుళాలు ఉంటుంది. నిజం చెప్పాలంటే మీరు చెప్పినంత పోరాటం మాత్రం కనిపించలేదు, ఒక్కసారి గుంజి ఊరుకుంది. ఇంకా పిల్ల కదా అనుకున్నాను.

ట్రాయ్ పడవ:
ఫొటో ఉంటే ఒక పని చేయండి. పొట్ట కింద, తోకకు ముందు ఉండే రెక్కలో ముళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. బాస్ అయితే మూడే ఉండాలి.

నోవై నివాసి:
మా అబ్బాయి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆరు.

ట్రాయ్ పడవ:
అది రాక్ బాస్. పేరులోనే బాస్, స్మాల్‌మౌత్, లార్జ్‌మౌత్‌ల జాతి కాదు.

గోదారి గట్టు:
పులుసుకు ఎలా ఉంటుంది?