సంఘ కూడిక దేనికి? దేవుని ఆరాధనకా, పరస్పర క్షేమాభివృద్ధికా?

చర్చాంశం: 2020 లాక్‌డౌన్‌లో మొదలైన ప్రత్యక్ష ప్రసారాలను చాలా సంఘాలు ఇప్పటికీ కొనసాగిస్తున్నాయి. ఇంట్లోనే పాటలు పాడి, ప్రార్థించి, వాక్యం వినగలిగినప్పుడు, ఆదివారం మందిరానికి వచ్చి కూడుకోవడంలో ప్రత్యేకమైన ఉద్దేశం ఏమిటి?

మొదటి సమాధానం: కూడిక దేవుని కోసమే. ఆయన యోగ్యుడు కనుక ఆయన ప్రజలు ఏకముగా ఆయనను స్తుతించాలి. మనుషుల అవసరాలను ముందు పెట్టిన రోజున మందిరం కచేరీగా మారిపోతుంది. విశ్వాసుల క్షేమాభివృద్ధి, అంటే వారు ఒకరినొకరు విశ్వాసంలో బలపరచుకోవడం, ఆరాధనకు ఫలితమే తప్ప ఉద్దేశం కాదు.

రెండవ సమాధానం: అందరికీ ప్రభువు నామమున వందనాలు. కూడిక కచేరీ కాకూడదన్న ఆ సోదరుని ఆందోళన న్యాయమైనదే, కానీ ఆయన చెప్పిన వరుసను అపొస్తలుడైన పౌలు తొలి సంఘాలకు రాసిన పత్రికలు (బైబిల్లోని ఉత్తరాలు) సమర్థించవు. మన శరీరాలను సజీవ యాగంగా సమర్పించుకోవడమే దేవునికి చేసే సేవ అని రోమా 12:1 చెబుతుంది. ఆ ఆరాధన పొలంలోనూ ఆఫీసులోనూ వారమంతా జరగవలసినదే కనుక, కూడికకు అదొక్కటే కారణమైతే ఇంట్లో ఉండిపోయిన వారికి చెప్పడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

1 కొరింథీ 14వ అధ్యాయం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. ఎవరికీ అర్థం కాని భాషలో స్తుతించే విశ్వాసితో, నీ స్తుతి మంచిదే గానీ ఎదుటివానికి క్షేమాభివృద్ధి కలగడం లేదని పౌలు అంటాడు. అర్థం చెప్పేవాడు లేకపోతే అతడు సంఘంలో మౌనంగా ఉండి, తనలో తాను దేవునితో మాట్లాడుకోవాలి. దేవునికి నిజంగా చేరుతున్న స్తుతిని సైతం, పక్కవానికి మేలు చేయడం లేదన్న కారణంతో కూడికలో ఆపమనడం చిన్న మాట కాదు.

అంతకు ముందు 11వ అధ్యాయంలో, కొరింథు విశ్వాసుల కూడిక మేలుకు కాక కీడుకే అవుతోందని ఆయన గద్దించాడు. తప్పు పాటల్లోనో ప్రార్థనల్లోనో లేదు. కొందరు ముందుగా తిని మత్తులై ఉంటే, లేనివారు ఆకలితో కూర్చున్నారు. అది ప్రభువు రాత్రి భోజనమే (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) కాదని ఆయన తేల్చేశాడు.

ఈ గద్దింపు మన తెలుగు సంఘాలకు నేరుగా తగులుతుంది. మిషన్ల కాలంలో ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంఘాల్లో మాదిగ కుటుంబాలు, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాల్లో మాల కుటుంబాలు ఎక్కువగా చేరాయి. ఒకే ఊళ్లో రెండు పేటలకు రెండు మందిరాలున్న చోట్లు నేటికీ ఉన్నాయి. రెండింటిలోనూ అవే కీర్తనలు, అదే వాక్యం. స్తుతి ఒక్కటే ఉద్దేశమైతే అక్కడ లోపమేమీ కనబడదు. పౌలు చూపుతో చూస్తే కనబడుతుంది. సువార్తికుడు భక్త్ సింగ్ గారు (1903–2000) హైదరాబాదులోని తన సంఘ కేంద్రమైన హెబ్రోనులో అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, ఆరాధన తరువాత ప్రేమ విందులో కలిసి భోంచేయించిన పద్ధతిని నేను అంతగా గౌరవించేది ఇందుకే. ఆ భోజనం కూడిక ముగిశాక జరిగే కార్యక్రమం కాదు, కూడికలో భాగమే.

మొదటి సోదరుని ప్రశ్న: అలాగైతే మనుషుల మేలుకు దేవుణ్ణి సాధనంగా చేసినట్లు కాదా?

రెండవ సమాధానం, కొనసాగింపు: కాదు. అదే 1 కొరింథీ 14వ అధ్యాయం 24, 25 వచనాలు చూడండి. విశ్వాసులు ఒకరికొకరు అర్థమయ్యేలా దేవుని మాట చెప్పుకుంటున్నప్పుడు లోపలికి వచ్చిన అవిశ్వాసి సాగిలపడి, దేవుడు నిజముగా మీలో ఉన్నాడని ఒప్పుకొని ఆయనకు నమస్కరిస్తాడు. ఇక్కడ క్షేమాభివృద్ధి ముందు నడిచింది, ఆరాధన దాని వెంట వచ్చింది.

ప్రత్యక్ష ప్రసారం మంచం పట్టిన వారికి మేలే. అయితే రోములో దాదాపు 155వ సంవత్సరంలో తొలి కాలపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిన వివరణ ప్రకారం, ఆదివారం కూడికకు రాలేనివారి రొట్టెను, ద్రాక్షారసాన్ని పరిచారకులు వారి దగ్గరకు తీసుకువెళ్లేవారు. కానుకల సొమ్ము అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి చేరేది. ప్రసంగం వినిపించడంతో సరిపెట్టి, ఇంటికి మనిషిని పంపని సంఘం ఆ రోగిని తన కూడికలో చేర్చుకుందని నేను ఒప్పుకోలేను.